హ్యూస్టన్ నుంచి తాతయ్యకు

తాతయ్యకు నమస్కారాలు.

ఇక్కడ మేమంతా కులాసా. మీ మోకాలి నొప్పి తగ్గిందా? డాక్టరు వద్దన్నాక కూడా చెరువుగట్టు దాకా నడిచి వస్తున్నారని అమ్మమ్మ ఫోన్‌లో ఒకటే గొడవ. కొన్నాళ్లు ఆగండి.

మొన్న శనివారం పిల్లల్ని బఫెలో సోల్జర్స్ నేషనల్ మ్యూజియంకి తీసుకెళ్లాం. అక్కడ ఉన్నంతసేపూ మీరే గుర్తొచ్చారు. ఫోన్‌లో తెమిలే విషయం కాదు, అందుకే ఉత్తరం.

ఇక్కడ అమెరికాలో అంతర్యుద్ధం ముగిశాక, 1866లో నల్లజాతి వాళ్లతో సైన్యంలో శాశ్వత రెజిమెంట్లు పెట్టారు. 9, 10 అశ్విక దళాలు, కొన్నాళ్లకి 24, 25 పదాతి దళాలు. బఫెలో సోల్జర్స్ అంటే వీళ్లే. నిన్నమొన్నటి దాకా బానిసలుగా బతికిన వాళ్లెందరో నెలకి 13 డాలర్ల జీతం మీద చేరారు. పైన ఆఫీసర్లు దాదాపు అందరూ తెల్లవాళ్లే. తమకే పూర్తి హక్కులు లేని ఈ మనుషుల్ని, పశ్చిమాన స్థానిక తెగల నేల లాక్కునే యుద్ధాలకి పంపారు. అది చదువుతుంటే నాకు కష్టంగానే అనిపించింది.

మ్యూజియం మొదలుపెట్టింది కెప్టెన్ పాల్ మాథ్యూస్, వియత్నాంలో పనిచేసిన ఆయన. ఏళ్ల తరబడి సొంతంగా పోగుచేసిన వస్తువులతో మొదలైంది. 2012 నుంచి ఇప్పుడున్న భవనంలో నడుస్తోంది. ఆ భవనం 1925లో హ్యూస్టన్ లైట్ గార్డ్ అనే తెల్లవాళ్ల దళం తన కోసం కట్టించుకున్నది. ఆ రోజుల్లో ఒక నల్లజాతి సైనికుడు ఆ గుమ్మంలోంచి దర్జాగా లోపలికి వెళ్లగలిగేవాడా? ఇప్పుడు గోడల నిండా వాళ్ల ఫొటోలే.

లోపల నీలం ఉన్ని కోటు ఒకటి ఉంది. ఇత్తడి బొత్తాలు, చేతి అంచు దగ్గర కాస్త అరిగిన బట్ట. మీ మనవడు దాని ముందు నుంచి కదల్లేదు. అమ్మాయికి మాత్రం కేథే విలియమ్స్ కథ నచ్చింది. 1866లో మగపేరుతో సైన్యంలో చేరి, రెండేళ్లు పనిచేసిన అమ్మాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండులో గుట్టలుగా పేరుకుపోయిన సైనికుల ఉత్తరాల్ని ఎవరివి వాళ్లకి చేర్చిన 6888వ బెటాలియన్ ఆడవాళ్ల గురించి కూడా అక్కడి గైడు చెప్పాడు. 855 మందట.

నేను మీకు రాయాలనుకున్నది మాత్రం 1917 సంగతి. మీరు ఇక్కడికి వచ్చినప్పుడు పొద్దున్నే వాకింగ్‌కి వెళ్లేవారు చూడండి, మెమోరియల్ పార్క్. అప్పట్లో అక్కడ క్యాంప్ లోగన్ అని శిక్షణ శిబిరం కట్టారు. కాపలాకి 24వ పదాతి దళం మూడో బెటాలియన్‌ని పంపారు. ఊళ్లో ట్రాముల్లో నల్లవాళ్లకి వేరే సీట్లు. యూనిఫాంలో ఉన్నా తిట్లు, దెబ్బలు తప్పేవి కావు. ఆగస్టు 23న ఒక పోలీసు ఒక నల్లజాతి స్త్రీని ఇంట్లోంచి బయటికి ఈడ్చాడు. అడ్డం వెళ్లిన సైనికుణ్ణి చితకబాది పట్టుకుపోయారు. సంగతేంటో కనుక్కోవడానికి వెళ్లిన అదే బెటాలియన్ మిలటరీ పోలీసు, కార్పొరల్ చార్లెస్ బాల్టిమోర్‌నీ కొట్టి, అతని మీద కాల్పులు జరిపారు. అతను పోయాడని శిబిరంలో పుకారు లేచింది. తెల్లవాళ్ల గుంపు దాడికి వస్తోందని ఇంకో పుకారు. ఆ రాత్రి వంద మందికి పైగా సైనికులు తుపాకులు పట్టుకుని ఊళ్లోకి నడిచారు. పోలీసులు, ఊరివాళ్లు, సైనికులు కలిపి సుమారు 20 మంది చనిపోయారు.

ఆ రాత్రి జరిగినదాన్ని నేను సమర్థించను. పోయినవాళ్లలో ఏ పాపం ఎరగనివాళ్లు కూడా ఉన్నారు. కానీ తర్వాత జరిగింది న్యాయవిచారణ అనలేం తాతయ్యా. మొదటి కోర్ట్ మార్షల్‌లో 63 మందిని ఒకేసారి నిలబెట్టారు. అందరి తరఫునా ఒకే ఆఫీసరు, ఆయన లాయరు కూడా కాదు. డిసెంబర్ 11న తెల్లవారుజామున శాన్ ఆంటోనియోలో 13 మందిని ఉరి తీసేశారు. అప్పీలుకి వ్యవధే లేదు. జనానికి తెలిసింది ఉరి అయిపోయాకే. వాళ్లలో టి. సి. హాకిన్స్ అనే కుర్రాడు చివరగా వాళ్లమ్మకి ఉత్తరం రాశాడు. ఇది నీకు అందేసరికి నేనుండను, దిగులు పడకు, నేను ఏ నేరమూ చేయలేదు అని దాని సారాంశం. ఆ తల్లి దాన్ని ఎలా చదువుకుందో.

అన్ని విచారణల్లో కలిపి 110 మందికి శిక్షలు, 19 మందికి ఉరి. ఉరిశిక్షల్ని పై అధికారులు సమీక్షించాకే అమలు చేయాలన్న నిబంధన మొదటి 13 మంది పోయాక వచ్చింది. సమాధి రాళ్ల మీద పేరు, పోయిన తేదీ తప్ప ఇంకేమీ చెక్కలేదు. ర్యాంకు లేదు, రెజిమెంటు లేదు. బ్యాంకు కాయితం మీదా, గుడి చందా పుస్తకంలోనూ ‘సుబేదార్’ అని రాయకుండా సంతకం పెట్టని మీకు అదెంత శిక్షో నేను చెప్పక్కర్లేదు.

వాళ్ల వారసులు, ఇక్కడి లాయర్లు, చరిత్రకారులు వదిలిపెట్టలేదు. 2023 నవంబర్‌లో సైన్యం ఆ 110 శిక్షల్నీ రద్దు చేసింది. ఆ ప్రకటన సభ పెట్టింది ఈ మ్యూజియంలోనే. 2024 ఫిబ్రవరిలో శాన్ ఆంటోనియో సైనిక శ్మశానంలో ఉన్న 17 మందికి ర్యాంకు, రెజిమెంటు చెక్కిన కొత్త రాళ్లు పెట్టారు. 106 ఏళ్లు పట్టింది. అయినా ఊరంతా మర్చిపోయి ఉంటే అదీ జరిగేది కాదు.

మన మాధవరంలో సైన్యానికి మనిషిని పంపని ఇల్లు వెతుక్కోవాలి. ట్రంకుపెట్టెల్లో ఎన్ని ఫొటోలు, ఎన్ని డిశ్చార్జి కాయితాలు ఉండి ఉంటాయో! మీ పెట్టెలో ఉన్న గ్రూపు ఫొటోల్లో ఎవరెవరో చెప్పగలిగేది ఇప్పుడు మీరొక్కరే. సంక్రాంతికి తమ్ముడు వస్తున్నాడు. వాడికి ఒక్కో ఫొటో చూపించి పేరు, ర్యాంకు, రెజిమెంటు, ఇంటిపేరుతో సహా చెప్పండి. వెనక పెన్సిల్‌తోనే రాయమనండి, ఇంకు ముందుకి దిగుతుంది. స్కాన్ చేసి నాకు పంపమన్నాను. ఎదురింటి హవల్దార్ తాతయ్య గారి కాయితాలు కూడా వాళ్లబ్బాయినడిగి తీయించండి, ఆ ఇల్లు పడగొట్టి కొత్తది కడుతున్నారని అమ్మ చెప్పింది.

అమ్మమ్మకి నమస్కారాలు.

ఇట్లు,
మీ మనవరాలు