తుప్పులో పడుగు, పేక

కేంబ్రిడ్జ్
ఆదివారం రాత్రి

చిట్టితల్లీ,

"అమ్మా, అస్థిపంజరం పక్కన కూర్చుంటే భయం వేయలేదా?" అని అడిగావు. నేను జవాబు చెప్పేలోపే నీ బస్సు వచ్చేసింది. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పే సంగతి కూడా కాదులే, అందుకే రాస్తున్నాను.

పొద్దున ఎనిమిదిన్నరకల్లా పాతకాలపు సమాధులు తవ్వుతున్న పొలం చేరాం. ఊరి పేరు ఎవరికీ చెప్పొద్దన్నారు. రాత్రిళ్ళు మెటల్ డిటెక్టర్లతో వచ్చి తవ్వుకుపోయే దొంగలు ఉంటారట. అక్కడ మొదట చూస్తే ఏమీ కనపడదు. పైమట్టి తీసేసిన తెల్లటి సుద్దనేల, దాని మీద మనిషి పొడుగున నల్లటి మరకలు. ఆ మరకలే సమాధులు. దాదాపు పదిహేను వందల ఏళ్ళ కింద తవ్వి పూడ్చిన మట్టి ఇప్పటికీ చుట్టూ ఉన్న సుద్దలో కలిసిపోలేదు. ఎముకలు మిగిలింది కూడా ఆ సుద్ద పుణ్యమే. సఫోక్‌లో సట్టన్ హూ దగ్గర ఆమ్ల గుణం ఉన్న ఇసుకనేల. 1939లో అక్కడ 27 మీటర్ల ఓడ సమాధి బయటపడితే చెక్కంతా కరిగిపోయి, ఇనప రివెట్లూ ఇసుకలో ఓడ ఆకారమూ మిగిలాయి. బంగారం దొరికింది కానీ మనిషి ఎముక ఒక్కటీ దొరకలేదు.

నాకు ఇచ్చింది 6వ శతాబ్దపు ఆడమనిషి సమాధి. మోకాళ్ళ కింద స్పాంజి మెత్త వేసుకుని, మన మేస్త్రీల తాపీ లాంటి చిన్న ట్రోవెల్‌తో మట్టిని పొరలు పొరలుగా గీయాలి. ఎముక తగిలితే ఇనుము పక్కన పెట్టేసి వెదురుపుల్ల, మెత్తటి బ్రష్షు పట్టుకోవాలి. ఈ దేశంలో ఇలాంటి సమాధుల్లోంచి ఎముకలు తీయాలంటే న్యాయశాఖ లైసెన్సు ఉండాలి. ఆ గొయ్యి దగ్గర ఎవరూ గొంతు పెంచి మాట్లాడరు.

పదకొండింటికి ఒక తప్పు చేశాను. మెడ ఎముక కింద తేనెరంగు అంబర్ పూస (ఎప్పటిదో చెట్టు జిగురు గట్టిపడి రాయిలా అయింది) ఒకటి మెరిసింది. సంతోషం పట్టలేక తీసి అరచేతిలో పెట్టుకున్నాను. సూపర్‌వైజర్ అమ్మాయి, నీకంటే నాలుగేళ్ళు పెద్దదేమో, వచ్చి నా పక్కనే కూర్చుంది. కోప్పడలేదు. "ఇది ఎక్కడుంది, ఎటు తిరిగి ఉంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. దండలో దారం ఎప్పుడో మట్టయిపోయింది తల్లీ. పూసలు పడి ఉన్న వరుసను బట్టే ఆమె దాన్ని ఎలా వేసుకుందో తెలియాలి. ఆ వరుసలో ఒకదాన్ని నేను చెరిపేశాను. మధ్యాహ్నం దాకా మనసు మనసులో లేదు. తర్వాతి పూసల్ని ఒక్కొక్కటీ ఉన్నచోటే ఉంచి, ఫోటో తీసి, కొలిచి, నంబరు వేశాకే ముట్టాను.

అలా చూస్తూ పోతే ఆమె కట్టూబొట్టూ బయటపడుతూ వచ్చింది. రెండు భుజాల దగ్గరా చెరొక కంచు బ్రోచ్, అంటే బట్టకి గుచ్చుకునే పిన్ను, వాటి మధ్య వేలాడిన పూసలు. మణికట్ల దగ్గర చిన్న రేకులు, ఒకదానికి కొక్కెం, ఇంకోదానికి కన్నం. మన జాకెట్టు హుక్కులే! చేతులు బిగుతుగా ఉండటానికి అక్కడ పెట్టుకునేవారట.

అసలు చెప్పాలనుకున్నది ఇది. బ్రోచ్ ఎత్తినప్పుడు ఆ అమ్మాయి దాన్ని తిరగేసి భూతద్దం నా చేతికిచ్చింది. ముందువైపు పచ్చటి చిలుము. వెనక ఇనప పిన్ను తుప్పు పట్టి ఉబ్బింది, ఆ తుప్పులో గోరంత గుడ్డ. నిజం గుడ్డ కాదు, దారాలు కుళ్ళకముందే తుప్పు పోగుల్లోకి ఎక్కి రాయిలా మారింది. అయినా పడుగు తెలుస్తోంది, పేక తెలుస్తోంది. ఒకటి పైన ఒకటి కింద కాదు, రెండు పైన రెండు కింద, గీతలు ఏటవాలుగా పోతున్నాయి. ఒకచోట పోగు ఒకటి లావుగా ఉంది. చీరాలలో మీ తాతయ్య మగ్గం మీద అలాంటి పోగు వస్తే అమ్మమ్మకేసి చూసేవాడు, వడికింది ఆవిడే కాబట్టి. నువ్వు ఏడో క్లాసులో ఉండగా వెస్ట్ స్టోలో, ఆ కాలపు ఇళ్ళు మళ్ళీ కట్టి చూపించే ఊళ్ళో, చూశాం గుర్తుందా, పడుగు కింద మట్టి బిళ్ళలు కట్టి గోడకి ఆనించిన మగ్గం? అలాంటి దాని ముందు నిలబడి ఎవరో నేసిన గుడ్డ అది.

ఆ తర్వాత ఇంక భయం ఏముంటుంది చెప్పు. అంతవరకూ కూడా భయమని కాదు, పరాయి ఇంట్లో పిలవకుండా దూరినట్టు ఉండింది. 2022లో వచ్చిన డీఎన్ఏ పరిశోధన ప్రకారం, తూర్పు ఇంగ్లండ్‌లో ఆ కాలపు మనుషుల మూలాల్లో 76 శాతం దాకా సముద్రం అవతల నుంచి, ఇప్పటి జర్మనీ, డెన్మార్క్ వైపు నుంచి వచ్చినవేనట. ఆడవాళ్ళూ వచ్చారు. వాళ్ళ మగ్గాల పనితనం చేతుల్లో పెట్టుకుని వచ్చి ఉంటారు.

సాయంత్రం చినుకులు మొదలయ్యాయి. గొయ్యి మీద టార్పాలిన్ కప్పి, అంచుల్లో రాళ్ళు పెట్టి వచ్చాం. మిగతాది రేపు.

నువ్వు గ్లాస్గో పట్టుకెళ్ళిన తాతయ్య తువ్వాలు జాగ్రత్త. మెషిన్లో వేయకు. ఈసారి వచ్చేటప్పుడు తీసుకురా, ఆ అమ్మాయి దాని నేత చూడాలని ఉందంది.

అమ్మ