తాడుకు అవతలి కొసన తిరునెల్వేలి

బావా,

నీ ఉత్తరం అంది మూడు నెలలు దాటింది. కిరసనాయిలు డబ్బాలతో పాటు హెలికాప్టర్‌లో వచ్చింది, ఇప్పటికీ అదే వాసన. జవాబు రాయనందుకు తిట్టుకో, కానీ సగమే తిట్టు. పైన పెన్ను రాయదురా. సిరా గడ్డకడుతుంది. చంకలో పెట్టుకుని వెచ్చబరిచి రెండు ముక్కలు రాసేసరికి మళ్లీ మొండికేస్తుంది. అలా మొదలుపెట్టిన ఉత్తరాలు మూడున్నాయి. మూడూ ‘బావా, నేను క్షేమం’ దగ్గరే ఆగిపోయాయి. నిన్ననే బేస్ క్యాంపుకు దిగాం. 93 రోజుల తర్వాత స్నానం. ఆ స్నానం మీద వేరే ఉత్తరం రాయాలి.

ముందు గబగబా ఇంటి సంగతులు. తొమ్మిది కిలోలు తగ్గాను. చెల్లి పెళ్లికి సెలవు అడిగాను, వస్తుందనే అంటున్నారు. నీ కొట్టుకు తలుపులు పెట్టించావని అమ్మ చెప్పింది, సంతోషం. నీకు ఇవ్వాల్సిన డబ్బు గుర్తుంది, గుర్తుచేయకు. మాస్టారి సైకిలు సంగతి ఇంకా బయటపెట్టలేదు కదా? సరే, అయిపోయాయి.

ఇప్పుడు అసలుది. ఫోనులో చెప్పడానికి లేదు. నేను ఫోను చేస్తే మీ ఇంట్లో అయినా మా ఇంట్లో అయినా స్పీకరు పెట్టేస్తారు, అమ్మ వింటుంది. ఇది చదివి పొయ్యిలో పెట్టు. బావా, నేను పడ్డాను. మంచు పగుల్లో. మన గేదె గోయిలో పడ్డట్టే పడ్డాను. కళ్లు కూడా దానిలాగే తేలేసి ఉంటాను.

ఆగు, ఇలా చెబితే నీకు రుచి తెలియదు. మగ్గు దగ్గర మొదలుపెట్టాలి.

పోస్టు పేరు రాయకూడదు. సియాచిన్‌లో 18,000 అడుగుల పైన ఒక చోటు అనుకో. తొమ్మిది మందిమి, ఒక ఫైబర్ గుడిసె, అది వెచ్చబెట్టే ఒక బుఖారీ పొయ్యి, ఒక లూడో అట్ట. చుట్టూ కనుచూపు మేర నీళ్లే, కానీ అన్నీ గట్టిగా ఉంటాయి. పారతో మంచు తవ్వి, డబ్బాలో కుక్కి, కిరసనాయిలు స్టవ్వు మీద కరిగించాలి. డబ్బా నిండా మంచు వేస్తే అడుగున నాలుగు వేళ్ల లోతు నీళ్లు దిగుతాయి. రెండు గంటలు ఆ పొగ మింగితే అందరికీ ఒక పూట టీ. ఉమ్మితే నల్లగా పడుతుంది.

ఇక మా తిరునెల్వేలి. వాడి పేరు అది కాదు, ఊరు అది. నన్ను వాడు ‘గోదావరి’ అంటాడు. వాడు నా బడీ. ఫౌజులో ప్రతివాడికీ ఒక బడీ ఉంటాడు. ఇదీ పెద్దలు కుదిర్చిన సంబంధమే, మన ఇష్టం ఎవరూ అడగరు. పడక పక్కపక్కనే, పహరా ఒకే వేళకు. వాడి ముక్కు కొస తెల్లబడిందేమో నేను చూడాలి, నా ముక్కు వాడు చూడాలి. తెల్లబడితే మంచుకాటు మొదలైనట్టు. తిమ్మిరెక్కిన ముక్కు సంగతి దాని సొంతదారుకు తెలియదు, పక్కవాడే చెప్పాలి.

ఒక మంగళవారం తెల్లవారుజామున నేను రెండు గంటలు కూర్చుని కరిగించిన నీళ్లలోంచి వాడు ఒక మగ్గు ముంచుకుని మొహం కడుక్కున్నాడు. మురుగన్ పటానికి దండం పెట్టుకోవాలట. నాకు ఒళ్లు మండింది. “మీ దేవుడికి నీ మొహం కడగకపోతే ఆనవాలు తెలియదా?” అన్నాను. వాడు తమిళంలో ఏదో అన్నాడు. సగమే అర్థమైంది, ఆ సగమే చాలింది. తర్వాత నేనన్నది కాగితం మీద పెట్టను. కాలువ గట్టున పుట్టి, వరదలకు విసుగెత్తి, నీళ్లంటే లెక్కలేకుండా పెరిగినవాణ్ణి. ఒక్క మగ్గు నీళ్ల కోసం పదకొండు రోజులు మాట మానేశాను.

ఇంట్లో అలిగితే వీధి అరుగు మీద కూర్చోవచ్చు. అక్కడ అరుగెక్కడ? పప్పు గిన్నె కావాలంటే మూడోవాడికి చెబుతాను, వాడు తిరునెల్వేలికి చెబుతాడు, తిరునెల్వేలి వాడికి ఇస్తాడు, వాడు నాకిస్తాడు. గిన్నె కదిలేది మూరెడు దూరం. నాలుగు రోజులకు గుడిసె కూడా చీలింది. ఇద్దరు నావైపు, ఇద్దరు వాడివైపు, మిగిలినవాళ్లు లూడో వైపు.

మా హవల్దారుది కోలారు. 16 ఏళ్ల సర్వీసు, గ్లేసియర్ ఎక్కడం ఇది మూడోసారి. తిట్టలేదు, పిలిచి పంచాయితీ పెట్టలేదు. నాకదే ఆశ్చర్యం. ట్రైనింగు సెంటరులో ఉస్తాదు అయితే ఇద్దరికీ రగడా, అదే ఒళ్లు హూనమయ్యే శిక్ష, ఇచ్చేవాడు, వాళ్లిద్దరేమిటని ప్లటూను మొత్తానికీ ఇచ్చేవాడు. ఒకడి బెల్టు బిళ్ల మెరవకపోతే ముప్పై మందిమి గ్రౌండు చుట్టూ పల్టీలు కొట్టాం, గుర్తుందా, అప్పుడు రాశాను. దాంతో ఐకమత్యం వస్తుందంటారు. ఏమో. నాకైతే ఆ బెల్టువాడిని పీక పిసకాలనిపించింది. పదో రోజుకు మాత్రం వాడి బిళ్ల మేమే తోమేవాళ్లం. ప్రేమతో కాదు, పల్టీలు తప్పుతాయని. మరి అదీ ఒక రకం కట్టుబాటే అనుకో... సరే, మళ్లీ దారి తప్పాను.

హవల్దారు చేసింది ఒకటే. రోజూ సాయంత్రం లెక్క చూసుకున్నాక ఒక్కొక్కరినీ అడిగేవాడు: “ఈ పూట మీ ఇంట్లో ఏం వండి ఉంటారు? ఎలా వండుతారు?” నిన్న చెప్పింది ఇవాళ చెప్పకూడదు. మేం ఇది కాలక్షేపం అనుకున్నాం. నేను వంకాయ మెంతికారం మొదలుకొని మీ అమ్మగారి పనసపొట్టు కూర దాకా అన్నీ అయిపోగొట్టాను. (మీ అమ్మగారికి ఇది మాత్రం చదివి వినిపించు.) మేం మాత్రం అక్కడ డబ్బాల్లో కూర తింటున్నాం, గుడ్డు సుత్తితో కొట్టినా పగలదు.

అలక మొదలైన అయిదో సాయంత్రం తిరునెల్వేలి ‘సొది’ అన్నాడు. కొబ్బరిపాలతో చేస్తారట. ముందురోజు చెప్పిందీ అదే. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగాడు. పాలు పోశాక ఏం వేస్తారో తట్టలేదు. మేం నవ్వాం. హవల్దారు నవ్వలేదు. చేతిలో పాచిక కింద పెట్టేశాడు. టార్చి వేసి వాడి పెదాలు చూశాడు, వంద నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నాడు, ఒక కాలి మడమకు రెండో కాలి వేలు ఆనించి గీత మీద నడిచినట్టు నడవమన్నాడు. ఎత్తుకు మెదడు వాస్తే ముందు ఆ నడకే తడబడుతుంది. వాడు నడిచాడు కానీ, రెండు రోజులుగా తలనొప్పి, నిద్ర లేదు, ఎవరికీ చెప్పలేదు. రేడియోలో డాక్టరు సాబ్‌తో మాట్లాడారు, మందు, ఆక్సిజన్. మర్నాటికి తేరుకున్నాడు.

అప్పుడు హవల్దారు నన్ను బయటికి పిలిచి అడిగాడు, “నీ బడీ నిన్నటి నుంచి అన్నం వదిలేస్తున్నాడు. చూశావా?”

చూడలేదు బావా. చేయి చాపితే తగిలేంత దూరంలో పడుకుంటాను.

“ఇక్కడ కోపమూ జబ్బూ ఒకేలా కనబడతాయి. మనిషి మాట్లాడడు, తినడు, చిరాకు పడతాడు, గోడవైపు తిరిగి పడుకుంటాడు. మీరు అలిగి కూర్చుంటే నేను దేనికి మందు వెయ్యాలి?” అన్నాడు. అంతే, లోపలికి వెళ్లి లూడో అందుకున్నాడు.

ఆ రాత్రే మాట్లాడేశానని అనుకుంటున్నావా? లేదు. మాట నోటిదాకా వచ్చింది. వాడు గోడవైపు తిరిగాడు. నేనూ తిరిగాను. సిగ్గేస్తే ఇంకా బిగుసుకుపోతాను, నీకు తెలిసిందే, మూడో మెట్టు దగ్గర చూశావుగా.

పదకొండో రోజు గస్తీకి వెళ్లాలి. ఎండ తగలకముందు, మంచు గట్టిగా ఉన్నప్పుడే నడవాలి కాబట్టి రాత్రి రెండింటికి బయలుదేరాం. ఆరుగురం, ఒకే తాడు. నడుముకు పట్టీ, దానికి కొక్కెం, కొక్కేనికి తాడు. ముందున్నవాడు కర్రతో పొడుచుకుంటూ వెళతాడు. పగులు మీద మంచు పైకప్పులా కప్పుకుని ఉంటుంది, పైకి ఏమీ తెలియదు. ఎవడి వెనక ఎవడో హవల్దారే చెప్పాడు. నేను మూడు, నా వెనక తిరునెల్వేలి. మొహం ఎర్రబడింది, చీకట్లో ఎవరికి కనబడుతుంది?

మొదటి ఇద్దరినీ మోసిన మంచు నన్ను మోయలేదు. చప్పుడు కూడా రాలేదు బావా, మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టు, అంతే. ఒక్క కుదుపు. వేలాడుతున్నాను. నెత్తి దీపం వెలుగులో నీలం గోడ, కిందికి పోను పోను నలుపు. మెడలోకి మంచు జారుతోంది. పైన అంచు మీద తాడు కిర్రుమంటోంది. దేవుడు గుర్తు రాలేదు. అమ్మ కూడా గుర్తు రాలేదు, అది అమ్మకు చెప్పకు. ‘వీడు వదిలేస్తే?’ అనుకున్నాను. అరక్షణమే. ఆ అరక్షణం సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పను. తర్వాత తట్టింది, వదలడం వాడి చేతుల్లో లేదు. తాడు వాడి నడుముకు ఉంది.

నేను మాయమైన క్షణంలోనే వాడు మంచుగొడ్డలి దిగేసి దాని మీద బోర్లా పడ్డాడట. బ్యాటిల్ స్కూల్లో బొమ్మలు కట్టి అదే నేర్పిస్తారు, ఆలోచించకు, పడు అని. మిగిలినవాళ్లు లాగారు. ఇరవై నిమిషాలు పట్టిందన్నారు. నన్ను అంచు మీదికి ఈడ్చి పడేశాక వాడు పాకుతూ వచ్చి, నా మొహం మీద టార్చి వేసి, ముక్కు చూసి, చెవులు చూసి, పదకొండు రోజుల తర్వాత మొదటి మాట అన్నాడు.

“ఎరుమై!”

ఎరుమై అంటే ఏమిటో తెలుసా బావా? గేదె!

ప్రపంచంలో ఇంకే తిట్టూ దొరకలేదు వాడికి. నాకు మన గోయి, ఆ తాడు, మీ నాన్నగారి పంచె, అన్నీ ఒక్కసారి కళ్లముందుకు వచ్చాయి. నవ్వు ఆగలేదు. 18,000 అడుగుల మీద నవ్వితే ఊపిరి అందదు, అయినా నవ్వు. హవల్దారు హడలిపోయి నన్ను వంద నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నాడు. 93 దగ్గర మళ్లీ నవ్వాను. తిరునెల్వేలికి గేదె కథంతా చెప్పాను, వచ్చీరాని తమిళంలో, సగం సైగలతో. వాడు నవ్వలేదు. ఆ గేదె బతికిందా అని మాత్రం అడిగాడు.

నిన్న కిందికి దిగగానే ముందు ఓపీ బాబా గుడికి వెళ్లాం. ఓం ప్రకాశ్ అనే సిపాయి, ఇప్పటికీ మమ్మల్ని కాపాడతాడని ఇక్కడి నమ్మకం. ఎక్కే ముందు, దిగాక అక్కడ నిలబడి ఆయనకు రిపోర్టు ఇవ్వడం ఇక్కడి ఆచారం. హవల్దారు సెల్యూట్ చేసి, వెళ్లిన తొమ్మిది మందీ వచ్చామని చెప్పాడు. గొంతు మామూలుగానే ఉంది, చేయి మాత్రం దించడం ఆలస్యమైంది. 2003 నవంబరులో ఇక్కడ కాల్పుల విరమణ కుదిరింది. అంతకుముందు కూడా, 1984లో మనవాళ్లు ఎక్కినప్పటి నుంచి, తూటాల కంటే చలీ మంచూ తీసుకున్నవాళ్లే ఎక్కువ. 2016 ఫిబ్రవరిలో టీ కొట్టు దగ్గర నిలబడి టీవీ చూశాం కదా, ఇక్కడి సోనమ్ పోస్టు మీద మంచు విరిగిపడి పదిమంది కూరుకుపోయారు, ఆరు రోజులకు హనుమంతప్ప ఊపిరితో దొరికి, ఆసుపత్రిలో పోయాడు. అప్పటి మన కర్నూలు జిల్లా ముస్తాక్ అహ్మద్ కూడా ఆ పదిమందిలోనే. అప్పుడు నువ్వన్నావు, నేను ఫౌజుకు పోతే... వద్దులే, అది ఇప్పుడెందుకు.

ఇవాళ పొద్దున తిరునెల్వేలి రెండు బకెట్ల వేడినీళ్లు తెచ్చి ఒకటి నా ముందు పెట్టాడు. పెట్టి, “మొహం కడుక్కో, గోదావరి” అని

బండి వచ్చిందట, టపా సంచి మూతి కట్టేస్తున్నారు. నీ డబ్బు సంగతి వచ్చే ఉత్తరంలో.

నీ గేదె