ఆ 'మొద్దు' ముద్ర ఇంకా పోలేదు

అయ్యా,

పదో తరగతి ఫలితాల మర్నాడు పేపర్ నిండా ర్యాంకుల ఫొటోలు చూసినప్పుడల్లా నాకు మా లెక్కల మాస్టారే గుర్తొస్తారు. ఆరో తరగతిలో ఎక్కం తప్పు చెప్పానని బెంచీ ఎక్కించి 'మొద్దు' అన్నారు, ఇంట్లోనూ అదే ముద్దుపేరైపోయింది. ఇప్పుడు నాకు 44 ఏళ్లు. షాపులో చిల్లర మూడుసార్లు లెక్కపెడితే గానీ నమ్మకం కుదరదు, పది రూపాయలు తేడా వచ్చిందంటే చాలు, 'నీ వల్ల కాదని ముందే తెలుసు' అని లోపల అదే గొంతు.

పోయినేడాది టెన్షన్ తట్టుకోలేక 14416కి, అంటే 2022లో కేంద్రం పెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కి ఫోన్ చేశాను. ఉచితం, తెలుగులోనే మాట్లాడారు. తర్వాత కలిసిన సైకాలజిస్టు ఒక నోట్‌బుక్ పెట్టించారు: ఎడమవైపు వచ్చిన ఆలోచన, కుడివైపు దానికి సాక్ష్యం. 1960ల్లో ఆరన్ బెక్ అనే అమెరికా డాక్టరు మొదలుపెట్టిన వైద్యంలోదట ఈ పద్ధతి. 'నాకు లెక్కలు రావు' అని రాసి, పక్కనే '2017 నుంచి షాపు జీఎస్టీ లెక్కలన్నీ నేనే చూస్తున్నా' అని రాసేసరికి నాకే నవ్వొచ్చింది. గొంతు పోయిందనను, వాల్యూమ్ తగ్గింది.

ఈసారి ర్యాంకుల ఫొటోల పక్కన ఆ నంబరు కూడా కాస్త పెద్ద అక్షరాల్లో వేయండి.

- ఓ పాఠకుడు, తెనాలి