ఒక్క ఛానెల్ లెక్క చూపించి ఏడు ఛానెళ్ల యాంప్లిఫయర్ అమ్మారు

అంబాజీపేట మండలం,
డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా.

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: ఏడు ఛానెళ్ల ఏవీ రిసీవర్ (సినిమా శబ్దాన్ని విడదీసి ఏడు స్పీకర్లను విడివిడిగా నడిపే యాంపు) పవర్ గురించి, ప్రీ అవుట్ల (బయటి యాంపుకు శబ్దం పంపే సాకెట్ల) గురించి కొనకముందు నాకు తప్పు సమాచారం ఇచ్చారు. సరుకు వెనక్కి తీసుకుని 86,500 రూపాయలు తిరిగి ఇవ్వాలని కోరుతున్నాను.

అయ్యా,

సంక్రాంతికి ఇంటిల్లిపాదీ కలిసి సినిమా చూద్దామని డిసెంబరులో మీ దగ్గర నేరుగా ఈ రిసీవర్ కొన్నాను. సరుకు పాడైందని నేను అనడం లేదు. మీ సర్వీస్ సెంటర్ వాళ్లు రెండుసార్లు చూసి ‘లోపం ఏమీ లేదు’ అని జాబ్ షీట్ మీద రాసిచ్చారు. వాళ్లు రాసింది నిజమే. ఎలా తయారు చేశారో అలాగే పనిచేస్తోంది. నాకు చెప్పి అమ్మినట్టు మాత్రం పనిచేయడం లేదు. నా ఫిర్యాదు దాని గురించే.

నేను 26 ఏళ్లు సినిమా హాల్లో ఆపరేటర్‌గా పనిచేశాను. ప్రొజెక్టర్‌లో వెలుగు కోసం కార్బన్ కడ్డీలు మార్చుకుంటూ మొదలుపెట్టి, డీటీఎస్ వచ్చాక సినిమా రీల్లో, శబ్దం సీడీలో ఉండే రోజుల దాకా చూశాను. హాలు మూతపడ్డాక మంచి శబ్దం వినాలనే కోరిక మిగిలిపోయింది. అందుకే ఇంట్లో ముందుగదిలో ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ పెట్టుకున్నాను. ముందు స్పీకర్లు కొన్నాను, తర్వాత వాటికి తగిన యాంపు కోసం వెతికాను. అలా వెతికేటప్పుడు కొనేవాడికి ఆధారం ఒక్కటే, మీరు అచ్చువేసే వాట్ల అంకె. ఆ అంకె తప్పయితే తర్వాత వేసుకునే లెక్కంతా తప్పుతుంది.

నేను వేసుకున్న లెక్క ఇది. హాల్లో తెర వెనక ఉండే హారన్ స్పీకర్లు ఒక్క వాట్‌కే వంద డెసిబెల్స్ (శబ్దం ఎంత పెద్దదో చెప్పే కొలత) మోగుతాయి. ఇంట్లో పెట్టుకునే చిన్న పెట్టెలు అలా మోగవు. నా స్పీకర్లు 1 వాట్‌కి 1 మీటరు దూరంలో 86 డెసిబెల్స్ ఇస్తాయి. 14 డెసిబెల్స్ తేడా అంటే పవర్‌లో 25 రెట్లు. హాల్లో 1 వాట్‌తో సరిపోయే పనికి నా ఇంట్లో 25 వాట్లు కావాలన్నమాట. మేం కూర్చునేది స్పీకర్లకు 12 అడుగుల దూరంలో. ఆరుబయట అయితే ఆ దూరానికి 11 డెసిబెల్స్ తగ్గుతుంది, గదిలో గోడల వల్ల కొంత తిరిగి వస్తుంది కాబట్టి 8 తగ్గుతుందని అనుకున్నాను. అంటే సోఫా దగ్గర 1 వాట్‌కి 78. సినిమా హాలు ప్రమాణంలో ఒక్కో ఛానెల్ గరిష్ఠంగా 105 డెసిబెల్స్ దాకా వెళ్తుంది. ఇంట్లో అంత అక్కర్లేదు, పది తగ్గించి 95 చాలనుకున్నాను. 78 నుంచి 95కి వెళ్లాలంటే 50 వాట్లు కావాలి. పైగా నా స్పీకర్లు పేరుకు 6 ఓమ్స్ (స్పీకర్ కరెంటుకు ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత) అయినా కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర 4కి దిగుతాయి, అక్కడ యాంపు నుంచి ఎక్కువ కరెంటు లాగుతాయి. అంచు మీద నడిచే యాంపు వద్దు, సగం బరువుతో తాపీగా నడిచేది కావాలని ఛానెల్‌కి 100 వాట్లకు తక్కువ కానివే చూశాను. మీ అట్టపెట్టె మీద ‘140 వాట్లు, 7 ఛానెళ్లు’ అని ఉంది.

అయినా ఆ అంకెను గుడ్డిగా నమ్మలేదు. డబ్బు కట్టే ముందు మీ సేల్స్ విభాగాన్ని వాట్సాప్‌లో మూడు ప్రశ్నలు అడిగాను. ఐదు ఛానెళ్లూ ఒకేసారి మోగుతున్నప్పుడు కూడా ఈ 140 వాట్లు వస్తాయా? 4 ఓమ్స్‌కి దిగే స్పీకర్లను తట్టుకుంటుందా? రేపు పవర్ చాలకపోతే విడిగా మల్టీఛానెల్ పవర్ యాంపు తగిలించుకోవడానికి అన్ని ఛానెళ్లకూ ప్రీ అవుట్లు ఉన్నాయా? మూడింటికీ ‘ఉంది సార్, వస్తుంది సార్’ అనే జవాబే వచ్చింది. ఆ సంభాషణ మొత్తం ఈ లేఖతో పంపుతున్నాను. జవాబిచ్చిన అబ్బాయి మీద నాకు కోపం లేదు. అతని ముందు మీరు ఏ కాగితం పెడితే అదే చదివి చెప్పాడు.

భోగి రోజు రాత్రి హాల్లో నాకు పని నేర్పిన సీనియర్ ఆపరేటర్ గారిని ఇంటికి పిలిచాను. బాబాయి అని పిలుస్తాను ఆయన్ని. ఇప్పుడు మెట్లెక్కలేరు, ఏ హాలుకీ వెళ్లలేరు. మళ్లీ మంచి శబ్దంతో ఒక సినిమా చూపించాలని నా ఆశ. ఇంటర్వెల్ దాటాక వాన, ఉరుములు, జనం అరుపులు అన్నీ కలిసిన సీను వచ్చింది. ముందు శబ్దం బొంగురుపోయింది. తర్వాత లోపల ‘టక్’మని రిలే (యాంపును కాపాడే స్విచ్) పడి మొత్తం ఆగిపోయింది. తెర మీద బొమ్మ మాత్రం నడుస్తోంది. బాబాయి గారు వెంటనే కుర్చీ పట్టుకుని లేచి ‘ఫ్యూజు చూడరా’ అన్నారు. ఆయన జీవితమంతా హాల్లో శబ్దం ఆగితే పరుగెత్తిన మనిషి. ఆ రాత్రి మరో రెండుసార్లు అలాగే ఆగింది. సినిమా పూర్తి కాకుండానే ఆయన్ని ఆటో ఎక్కించాను. ఆ బాధ ఇంకా పోలేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మీ సర్వీస్ వాళ్లు మొదట కరెంటు మీదకు తోశారు. సాయంత్రం వేళ చెరువుల మోటార్లన్నీ తిరుగుతుంటే మా లైన్లో వోల్టేజీ పడిపోతుందన్న మాట నిజమే. ఆ సంగతి తెలుసు కాబట్టే ముందే 3 కేవీఏ సర్వో స్టెబిలైజర్ పెట్టాను. శబ్దం ఆగినప్పుడు కూడా మీటర్లో 229 వోల్టులు ఉంది. తర్వాత గాలి ఆడడం లేదేమో అన్నారు. యాంపు బల్ల మీద ఉంది, చుట్టూ జానెడు ఖాళీ ఉంది. చివరికి మెనూలో ఇంపెడెన్స్ (స్పీకర్ ఓమ్స్) సెట్టింగ్ 8 నుంచి 4 ఓమ్స్‌కి మార్చి ‘ఇక ఆగదు సార్’ అన్నారు. అవును, ఇప్పుడు ఆగడం లేదు. ఎందుకంటే ఆ సెట్టింగ్ పెడితే లోపల సప్లై వోల్టేజీ తగ్గుతుంది. వేడి తగ్గుతుంది, దాంతోపాటు పవర్ కూడా తగ్గుతుంది. ఇప్పుడు ఇంకా ముందే బొంగురుపోతోంది. తట్టుకోగలదా అని నేను అడిగిన ప్రశ్నకు ఇది జవాబు కాదు.

అమలాపురంలో యాంపులు బాగుచేసే మిత్రుడి దగ్గరికి తీసుకెళ్లి కొలిపించాను. ముందే చెబుతున్నాను, మూత తీయలేదు, మీ సీలు అలాగే ఉంది. ఇంపెడెన్స్ సెట్టింగ్ మళ్లీ 8కి పెట్టి, స్పీకర్ల బదులు 8 ఓమ్స్ రెసిస్టర్లు తగిలించి, తరంగాన్ని తెర మీద చూపే స్కోప్‌లో తరంగం తల తెగే ముందు, అంటే శబ్దం చెడే ముందు, ఎంత వస్తుందో చూశాం. రెండు ఛానెళ్లకు 24 వోల్టులు, అంటే ఒక్కోదానికి 72 వాట్లు. ఐదూ కలిపితే 15.7 వోల్టులు, అంటే ఒక్కోదానికి 31 వాట్లు. రెండూ 72 అంటే మొత్తం 144. ఐదూ 31 అంటే మొత్తం 155. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ ఇవ్వగలిగింది అంతే. దాన్ని ఎన్ని ఛానెళ్లకు పంచితే అంత పలచబడుతుంది.

ఆ తర్వాత మాన్యువల్ చివరి పేజీల్లో చిన్న అక్షరాలు వెతికాను. 140 వాట్ల పక్కన ‘6 ఓమ్స్, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం డిస్టార్షన్, 1 ఛానెల్’ అని ఉంది. 10 శాతం డిస్టార్షన్ అంటే పాట పగిలిపోతున్నట్టు చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. దాని కింద ‘8 ఓమ్స్, 20 నుంచి 20,000 హెర్ట్జ్, 0.08 శాతం, 2 ఛానెళ్లు: 70 వాట్లు’ అని ఉంది. ఇది నిజాయితీ గల అంకె, మా కొలతకు సరిపోయింది కూడా. మరి దాన్ని పెట్టె మీద ఎందుకు వేయలేదు? ఐదు ఛానెళ్లకు ఎంతో మాన్యువల్లో ఎక్కడా లేదు.

ఇంట్లో వాడే యాంపుల వాట్లను పెంచి చెప్పే అలవాటు పాతదే. దాన్ని ఆపడానికే అమెరికాలో 1974లో ఒక నియమం తెచ్చారు. 2024లో దాన్ని సవరించి 8 ఓమ్స్, 20 నుంచి 20,000 హెర్ట్జ్, 1 శాతం లోపు డిస్టార్షన్ దగ్గర కొలిచిన అంకె చెప్పాలన్నారు. అంబాజీపేటలో కొనేవాడికి కూడా ఆ మాత్రం స్పష్టత ఇవ్వాలి.

మీ వైపు న్యాయం కూడా చెబుతాను. సినిమాలో ఐదు ఛానెళ్లూ ఒకేసారి పూర్తి పవర్ అడగడం అరుదు. 80 హెర్ట్జ్ కింది బాస్‌ను నేను సబ్‌వూఫర్‌కే పంపుతున్నాను, కాబట్టి మీ యాంపు మీద ఆ బరువు కూడా లేదు. 50 వాట్లకూ 31కీ మధ్య చెవికి తెలిసే తేడా 2 డెసిబెల్సే. మీరు 70 అని, ఐదూ కలిస్తే 30 అని చెప్పి ఉంటే తప్పేమీ లేదు. అప్పుడు నేను ఇది కొనేవాడిని కాదు, లేదా తక్కువ పవర్ చాలే స్పీకర్లు చూసుకునేవాడిని. ఆ నిర్ణయం నా చేతిలో ఉండాల్సింది.

ప్రీ అవుట్ల సంగతి ఇంకా అన్యాయం. వెనక ప్యానెల్ మీద సబ్‌వూఫర్‌కి, రెండో గదికి తప్ప ప్రీ అవుట్లు లేవు. అవి అన్ని ఛానెళ్లకూ ఉండి ఉంటే ఈ లేఖే రాసేవాడిని కాదు. రిసీవర్‌ను సినిమా శబ్దాన్ని ఛానెళ్లుగా విడదీసే పనికి (డీకోడింగ్) ఉంచుకుని, ఐదు ఛానెళ్ల పవర్ యాంపు ఒకటి కొనుక్కుని సరిపెట్టుకునేవాడిని. ఆ దారి కూడా మూసేశారు. ఇది వాట్ల లాగా ఎలా కొలిచారన్న చర్చ కాదు. ప్యానెల్ మీద సాకెట్ ఉందా, లేదా?

కాబట్టి రిసీవర్ తీసుకుని 86,500 రూపాయలు, రెండుసార్లు సర్వీసుకు పంపిన రవాణా ఖర్చు 1,850 రూపాయలు తిరిగి ఇవ్వండి. అది కుదరకపోతే అన్ని ఛానెళ్లకూ ప్రీ అవుట్లు ఉన్న మీ పై మోడల్ ఇవ్వండి. ధరలో తేడా ఉంటే కడతాను. దాంతోపాటు పెట్టె మీద, ప్రకటనల్లో 140 పక్కనే అది ఒక్క ఛానెల్ లెక్క అని అదే సైజు అక్షరాల్లో వేయండి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కావాలి. రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మా ప్రాంతానికి సంబంధించిన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. కొన్నవాడు తానున్న చోటే కేసు వేయవచ్చని, 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదని తెలుసుకున్నాను. బిల్లు, జాబ్ షీట్లు, కొలతల ఫొటోలు కూడా జతచేశాను.

రిసీవర్‌ను మీ థర్మాకోల్‌తోనే, మీ అట్టపెట్టెలోనే సర్ది ఉంచాను. మా ఇంటి ముందు కాలువ మీద వంతెన చిన్నది, లారీ రాదు. మీ మనిషి వచ్చే ముందు ఫోన్ చేస్తే ఆటోలో మెయిన్ రోడ్డు దాకా నేనే తెచ్చి అప్పగిస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు