రామప్ప చేరుకున్నాం, మల్లంపల్లి పెద్దమ్మకు దండం

నిన్న సాయంత్రం నడిచి రామప్ప గుడికి చేరాం. పాదాలు ఇంకా నేలకు ఆనడం లేదు. అయినా పడుకునే ముందే ఇది రాసేయాలి, రేపటికి ఎవరినైనా మర్చిపోతానేమోనని భయం.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. మా బాబు ఈ మార్చిలో ఏడో నెలలోనే పుట్టాడు. 28 వారాలు, 980 గ్రాములు. పదకొండు రోజులు ఉన్నాడు. ఆ పదకొండు రోజుల్లో వాడు నా ఒళ్ళో ఉన్నది మొత్తం కలిపి నాలుగైదు గంటలు. నర్సమ్మ తెచ్చి నా ఎద మీద, చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి పైన దుప్పటి కప్పేది. కంగారూ కేర్ అంటారు. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక అక్కడి డాక్టర్లు మొదలుపెట్టిన పద్ధతట. తల్లి ఒంటి వేడే బిడ్డకు వెచ్చదనం. కానీ నేను కూర్చున్నది వీపు ఆనించుకోను కూడా లేని ప్లాస్టిక్ స్టూల్ మీద. ఆపరేషన్ కుట్లు లాగి, నడుము నిలవక, ఒకరోజు వాణ్ణి అరగంటకే తిరిగి ఇచ్చేశాను. ఆ అరగంట ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు.

అందుకే వెనక్కి వాలే కుర్చీలు ఆరు కొని, నెలలు నిండని పిల్లల వార్డుకు ఇవ్వాలనుకున్నాం. ఆ డబ్బుల కోసమే ఈ నడక. అలాంటి పిల్లల కోసం ప్రపంచమంతా జరుపుకునే రోజు నవంబర్ 17. ఈసారి అదే కార్తీకమాసం ఆఖరి సోమవారం అయింది. ఆ రోజుకు చేరేలా హన్మకొండ వేయిస్తంభాల గుడి దగ్గర శనివారం పొద్దున బయల్దేరాం. డెబ్బై కిలోమీటర్లకు దగ్గర. రామప్పే ఎందుకంటే, కడుపుతో ఉన్నప్పుడు అక్కడికి వెళ్ళి, వచ్చేసారి ముగ్గురం వస్తామని మొక్కుకున్నాను.

మా ఆయన, అమ్మ, అత్తమ్మ, తమ్ముడు పక్కనే ఉన్నారు. వాళ్ళకు థాంక్స్ చెప్తే తిడతారు.

నేను చెప్పాల్సింది ఒక పెద్దమ్మ గురించి.

ఆదివారం మధ్యాహ్నం మల్లంపల్లి దాటాక నా ఎడమ కాలు బొబ్బలెక్కి పగిలింది. రోడ్డు పక్కన ఆమె వడ్లు ఆరబోసుకుని కాళ్ళతో తిరగేస్తోంది. మొన్నటి వానకు తడిసిన వడ్లు. తేమ 17 శాతానికి దిగితేనే కొనుగోలు కేంద్రంలో కాంటా వేస్తారని తొమ్మిది రోజులుగా అక్కడే కాపలా. మబ్బు పడుతోంది, ఆమె పని ఆమెకు ఉంది. అయినా నన్ను చూసి ఆగింది. "ఏంది బిడ్డా, గట్ల కుంటుతున్నవ్, కూసో" అని చింతచెట్టు కింద కూర్చోబెట్టి, తాగడానికి తెచ్చుకున్న నీళ్ళతో నా కాలు కడిగింది. అరచేతుల గీతల్లో వడ్ల దుమ్ము. తలకు చుట్టుకున్న పాత చీర ముక్కను పంటితో చింపి కట్టు కట్టింది.

కడుతూనే అడిగింది, "ఎందరు పిల్లలు నీకు?" అని. ఎనిమిది నెలలుగా చెప్తున్నదే చెప్పాను. "ఇంకా లేరు పెద్దమ్మా." మా తమ్ముడు ఉండబట్టలేక విషయం చెప్పేశాడు. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది, "మరి లేరంటవేంది బిడ్డా? ఒక్కడు. నాకు ఐదుగురు. ముగ్గురున్నరు. ఎవలడిగినా ఐదుగురనే చెప్త."

వాడు పోయిన రోజు కూడా నేను అంత ఏడవలేదు. మా వాణ్ణి లెక్కలోకి తీసుకున్న మొదటి మనిషి ఆమె. ఏడుపు ఆగేదాకా నా పాదం ఒళ్ళోనుంచి దించలేదు. లేచేటప్పుడు కొంగు ముడి విప్పి యాభై రూపాయలు చేతిలో పెట్టింది. వద్దంటే, "నీకు గాదు, కుర్సీకి" అంది.

ఒక్కటి అనకుండా ఉండలేను. పుట్టుక, చావు రెండూ 21 రోజుల్లో నమోదు చేయించాలని చట్టం చెప్తుంది. చేయిద్దామని మా ఆయన ఆఫీసుకు వెళ్తే, అక్కడివాళ్ళు "పదకొండు రోజుల పిల్లగానికి సర్టిఫికెట్ దేనికి సార్" అన్నారు. నాలుగుసార్లు తిప్పారు. చివరికి రెండు కాగితాలూ ఒకే కవర్లో ఇచ్చారు. ఆ కాగితాలతో మాకేం పని పడదు, నిజమే. కానీ అలా అడగొచ్చా?

డబ్బులు ఇచ్చిన అందరికీ పేరుపేరునా దండాలు. మొత్తం 1,38,450 రూపాయలు వచ్చాయి. కుర్చీల బిల్లులు ఇక్కడే పెడతాను. రోజుకు వంద చొప్పున పదకొండు రోజులు పంపినాయన ఎవరో తెలియదు, మీ లెక్క నాకర్థమైంది.

అయ్యో, ఆ నర్సమ్మను చెప్పలేదు! డ్యూటీ దిగాక కూడా ఉండి నా చేత బాబును పట్టించింది ఆమే. బ్యాగులు మోసిన ఆటో అన్న మూడు రోజులకు డీజిల్ డబ్బులే తీసుకున్నాడు. ఆత్మకూరులో రాత్రి పడుకోనిచ్చినవాళ్ళు, గట్టమ్మ గుడి దగ్గర కొబ్బరికాయ ఊరికే ఇచ్చినామె, జంగాలపల్లి నుంచి మాతో నడిచిన ఇద్దరు కాలేజీ అమ్మాయిలు, సెలవు ఇప్పించిన మా మేడమ్. ఇంకా ఎవరైనా ఉంటే ఏమీ అనుకోకండి.

పెద్దమ్మ పేరు అడగనేలేదు. ములుగు వెళ్తుంటే ఎడమ పక్క, చింతచెట్టు, నీలం పట్టాల మీద వడ్లు. అటు వెళ్ళేవాళ్ళుంటే ఒకసారి ఆగండి. నిన్న రాత్రి ఇక్కడ చినుకులు పడ్డాయి. ఆమె వడ్లు కాంటా అయ్యాయో లేదో కనుక్కుని చెప్పండి.