టర్ఫ్ సరే, తడపడానికి నీళ్లేవి?

సంపాదకులకు నమస్కారం.

మన జిల్లాలోనూ ఒలింపిక్స్‌లో మాదిరి నీలం రంగు హాకీ టర్ఫ్ (ప్లాస్టిక్ గడ్డి పరిచిన మైదానం) వేయాలని పోయిన వారం ఒకాయన మీ పత్రికకు రాశారు. నేను 26 ఏళ్లు డ్రిల్లు మాస్టరుగా పనిచేసి, పిల్లల చేత హాకీ ఆడించినవాణ్ని. ఆయన కోరికను తప్పుపట్టను. ఆ టర్ఫ్ ఎన్ని నీళ్లు తాగుతుందో మాత్రం ఆయన రాయలేదు.

పెద్ద మ్యాచ్‌లు జరిగే టర్ఫ్‌ను ఆటకు ముందొకసారి, మధ్య విరామంలో ఇంకోసారి తడపాలి. వేల లీటర్లు కావాలి. తడి ఉంటేనే బంతి జారుతూ పోతుంది, పిల్లోడు కింద పడినా మోకాలి తోలు లేచిపోదు. సాలుకు 550 మిల్లీమీటర్ల వాన పడితే మంచి కాలమనుకునే జిల్లా మనది. మా కళ్యాణదుర్గంలో ఎండాకాలం వచ్చిందంటే బిందెలు వరుసలో పెట్టి ట్యాంకరు కోసం కూర్చుంటారు. వాళ్ల కళ్లెదుట 91 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పున్న ప్లాస్టిక్ గడ్డికి నీళ్లు కొడితే ఊరుకుంటారా? హాకీ మాస్టర్నే అయినా నేనూ ఊరుకోను.

అట్లని మట్టి నేలే చాలనడం లేదు. మా బడి గ్రౌండంతా ఎర్రమట్టి, గులకరాళ్లు. శెనిక్కాయ పంట చేతికొస్తే సగం గ్రౌండు కల్లమయ్యేది. సభ జరిగితే షామియానా గుంజల గుంతలు మేమే పూడ్చుకునేవాళ్లం. రోజూ సాయంత్రం ఇద్దరు పిల్లలు వేపమండలతో 'డీ' (గోల్ ముందరి అర్ధవృత్తం) మేరకైనా ఊడ్చేవాళ్లు. అయినా బంతి ఏ రాయికి తగిలి ఎటు లేస్తుందో తెలీదు. అందుకే మా వాళ్లు తల వంచుకుని బంతినే చూస్తూ ఆడేవాళ్లు, పాస్ ఇవ్వాల్సినవాడు ఎక్కడున్నాడో చూసేవాళ్లు కాదు. ఒకసారి వేరే జిల్లాలో టర్ఫ్ మీద ఆడించాను. స్టిక్ కిందికి దించేలోపే బంతి దాటిపోతోంది. మొదటి పది నిమిషాల్లో మూడు గోల్స్ తిన్నాం. విరామంలో మా లెఫ్ట్ బ్యాక్ వచ్చి, "సార్, ఈడ బంతి ఎగరదా?" అనడిగాడు. వాడికి ఏం చెప్పాలో తోచలేదు.

మన దేశం జట్టుకే ఈ దెబ్బ 1976లో తగిలింది. 1928 నుంచి ఆడిన ప్రతి ఒలింపిక్స్‌లో పతకం తెచ్చినవాళ్లు, అంతకు ముందటేడే కౌలాలంపూర్‌లో ప్రపంచకప్ గెలిచినవాళ్లు, తొలిసారి కృత్రిమ టర్ఫ్ పరిచిన మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఏడో స్థానంలో నిలిచారు. 1980లో స్వర్ణం వచ్చినా, ఆ తర్వాతి పతకానికి టోక్యో దాకా 41 ఏళ్లు ఆగాల్సొచ్చింది. కారణం టర్ఫ్ ఒక్కటే కాదు గానీ, అదీ ఉంది.

నేను అడిగేది ఇసుక టర్ఫ్. ప్లాస్టిక్ గడ్డి పోచల నడుమ సన్న ఇసుక నింపుతారు, తడపకుండానే ఆడొచ్చు. బంతి తడి టర్ఫ్ మీద పోయినంత వేగంగా పోదు, పడితే మోకాళ్లు గీరుకుంటాయి కూడా. కానీ ఎగరదు. పిల్లోడు తలెత్తి ఆడతాడు. పారిస్ ఒలింపిక్స్‌లో మగవాళ్ల స్వర్ణం, ఆడవాళ్ల స్వర్ణం రెండూ పట్టుకుపోయిన నెదర్లాండ్స్‌కు నీళ్ల కరువే లేదు, అయినా అక్కడి క్లబ్బుల్లో ఇసుక టర్ఫ్‌లు ఉన్నాయి. అంతర్జాతీయ హాకీ సమాఖ్య కూడా నీళ్లు అక్కర్లేని టర్ఫ్ కోసం ఏళ్లుగా ప్రయత్నిస్తోంది. పారిస్‌లో పరిచిందే మునుపటికన్నా తక్కువ నీళ్లతో ఆడేది. లోకమంతా తడి తగ్గించుకుంటుంటే, కరువు సీమలో మనం తడి టర్ఫ్ అడగడమేంది?

పూర్తి మైదానానికి డబ్బు లేదంటే సగమైనా వేయండి. పెనాల్టీ కార్నర్ నేర్పడానికి ఒక 'డీ' చాలు.

ఇంకొక్క మాట. టర్ఫ్ వేసినాక దాని మీద సభలు పెట్టనీయొద్దు. శెనిక్కాయలు ఆరబోసే రైతుకు నేను చెప్పుకుంటాను, వింటాడు. షామియానా వేయించేవాళ్లకు మాత్రం మీ పత్రికే చెప్పాలి.

– ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా