చియాంగ్ యీ గురించి నీకు

అమ్మలూ,

నువ్వు గీసిన లండన్ వీధుల బొమ్మలు చూసి, "ఇందులో మీ దేశం ఏది?" అని క్లాసులో అడిగారని చెప్పావు కదా. అప్పటి నుంచి నీకు చియాంగ్ యీ అనే చైనా చిత్రకారుడి గురించి రాయాలనిపిస్తోంది.

చైనాలోని జ్యుజియాంగ్‌లో 1903లో పుట్టాడు. తండ్రి చిత్రకారుడు, బ్రష్ పట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. చదివింది మాత్రం కెమిస్ట్రీ. తర్వాత జిల్లా అధికారి అయ్యాడు. అవినీతితో వేగలేక ఉద్యోగం వదిలి 1933లో లండన్ చేరాడు. అప్పటికి ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా ఒక స్నేహితురాలి సాయంతో 1935లో చైనా చిత్రకళ మీద ఇంగ్లీషులో పుస్తకం వేశాడు.

నాకు ఇష్టమైనవి మాత్రం ఆ తర్వాత ఏడాది ఇంగ్లండులోని సరస్సుల ప్రాంతం లేక్ డిస్ట్రిక్ట్‌లో తిరిగి వేసిన బొమ్మలు. డెర్వెంట్‌వాటర్ సరస్సులో నీళ్లలో నిలబడ్డ ఆవుల బొమ్మ ఒకటుంది, తప్పకుండా చూడు. కొండలు ఇంగ్లండువే, ఆవులూ అక్కడివే. నల్ల సిరా, బ్రష్, పొగమంచు కోసం ఖాళీగా వదిలేసిన కాగితం ఆయనవి. వెదురు, పాండా ఉంటేనే చైనా బొమ్మ అవుతుందని ఆయన అనుకోలేదు. పాండాలనీ గీశాడు, వాటి మీద పిల్లల పుస్తకాలూ రాశాడు, అవి ఇష్టం కాబట్టి. నువ్వు కూడా థేమ్స్ ఒడ్డున చార్మినార్ పెట్టక్కర్లేదమ్మా. నీ చెయ్యి ఇక్కడ తిరిగిందే, గీతలో అది ఎలాగూ కనిపిస్తుంది.

ఆ లేక్ డిస్ట్రిక్ట్ బొమ్మలతో పుస్తకం 1937లో వచ్చింది. "మౌన యాత్రికుడు" అన్న పేరుతో లండన్, ఆక్స్‌ఫర్డ్, ఎడిన్‌బరో, పారిస్, న్యూయార్క్ ఇలా ఊరూరి మీదా రాశాడు. 1940లో బాంబులకు లండన్ ఇల్లు పోతే ఆక్స్‌ఫర్డ్ వెళ్లి పదిహేనేళ్లు ఉన్నాడు. 1955లో అమెరికా వెళ్లి కొలంబియా యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు.

ఒక్క విషయం దగ్గర నా మనసు ఒప్పుకోదు. వచ్చేటప్పుడు భార్య జెంగ్ యున్‌ని, నలుగురు పిల్లల్ని చైనాలో వదిలి వచ్చాడు. యుద్ధం, ఆ తర్వాత రాజకీయాలు అడ్డుపడ్డాయి, నిజమే. మళ్లీ ఆ గడ్డ మీద కాలు పెట్టింది 1975లో, 42 ఏళ్ల తర్వాత. 1977లో పోయాడు. ఆయన పుస్తకాలు చదువుతున్నంతసేపూ, అన్నేళ్లు ఆ ఇల్లు ఈడ్చుకొచ్చిన ఆవిడే నాకు గుర్తొస్తుంది.

ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన ఉన్న ఇంటికి, సౌత్‌మూర్ రోడ్‌లో, 2019లో నీలం ఫలకం పెట్టారు, పేరున్నవాళ్లు ఉన్న ఇళ్లకి గుర్తుగా పెడతారే, అది. రైల్లో గంట ప్రయాణమే కాబట్టి ఒక శనివారం వెళ్లిరా. సంక్రాంతికి టికెట్లు ఇప్పుడే చూసుకో, డబ్బులు నాన్న వేస్తానన్నారు.

ప్రేమతో,
అమ్మ